డ్యూటీ మీద భక్తి, అమ్మవారికి మొక్కు

తోర్వా, బిలాస్‌పూర్

చిరంజీవి చిన్నమ్మికి మావయ్య ఆశీస్సులు.

శహడోల్‌లో అసిస్టెంట్ లోకో పైలట్‌గా ఉన్న నువ్వు ఫోన్లో పంపిన నాలుగు ముక్కలకి కాగితం మీద జవాబు రాస్తున్నాను. ఫోన్లో అయితే లాబీలో నిలబడే చదివేసి మర్చిపోతావు. కాగితమైతే సంచిలో ఉంటుంది, రన్నింగ్ రూమ్‌లో తీరిక దొరికినప్పుడు తీసి చదువుకుంటావు.

నీ బాధ నాకు అర్థమైంది. 2025 నవంబర్ 4న లాల్‌ఖదాన్ దగ్గర మెమూ వెళ్ళి గూడ్సును గుద్దిన నాటి నుంచి మన ఊళ్ళో రన్నింగ్ స్టాఫ్ ఉన్న ఏ ఇంట్లోనూ తల్లికి నిద్ర సరిగ్గా లేదు. మీ అమ్మ నీ పేరున సోలాపురి మాతకి మొక్కుకుంది. ఈసారి పూజల్లో బారా ఖోలీకి వచ్చి నువ్వే ఘటం ఎత్తాలంటుంది. సెలవు దొరుకుతుందో లేదో అని నువ్వంటే, నీకు భక్తి లేదనేసింది. సరిగ్గా ఆ వారంలోనే అక్కడ క్లాసు తీసుకున్న ఒకాయన రూల్సు చదివి, ‘డివోషన్ టు డ్యూటీ’ లేకపోతే ఛార్జిషీటు చేతికొస్తుందన్నాడు. ఇంట్లోనే లేదన్న భక్తిని డ్యూటీకి ఎక్కడి నుంచి తెమ్మంటావు మావయ్యా అని అడిగావు.

జవాబు ముందే చెప్పేస్తాను. అమ్మ అడుగుతున్న భక్తి వేరు, రైల్వే అడుగుతున్న భక్తి వేరు. రెండూ ఉండదగ్గవే. ఒక ఖాతాలో పడ్డ బాకీని రెండో ఖాతా నుంచి తీర్చబోతేనే చిక్కు. ఆ పని అమ్మా చేస్తుంది, ఆఫీసూ చేస్తుంది, కాస్త ఏమరుపాటుగా ఉంటే రేపు నువ్వూ చేస్తావు.

రూల్సు సంగతి చిన్నది కాబట్టి అది ముందు చూద్దాం. రైల్వే సర్వీసెస్ (కాండక్ట్) రూల్స్ 1966లో వచ్చాయి. మూడో రూలు మొదట్లోనే మూడు షరతులు పెట్టారు. నిజాయితీకి లోటు రాకూడదు. డ్యూటీ మీద భక్తి ఉండాలి. రైల్వే ఉద్యోగికి తగని పని చేయకూడదు. నడిమి షరతుకి అర్థం ఏమిటో కింద వివరణ కూడా ఉంది. అప్పగించిన పనిని, ఇచ్చిన గడువులో, ఉండవలసిన నాణ్యతతో చేయకపోవడం అలవాటుగా ఉన్నవాడికి డ్యూటీ మీద భక్తి లేనట్టు లెక్క. అంతే. ఇంజనుకి దండం పెట్టావా, యూనిఫాం చూస్తే ఒళ్ళు పులకరిస్తుందా అని ఎవరూ అడగలేదు. పని, గడువు, నాణ్యత. మూడూ కొలిచి చూడగలిగేవే.

నేను పట్టాలు చూసే పర్మనెంట్ వే శాఖలో ఉన్నన్నాళ్ళూ ఛార్జిషీట్లలో ‘లాక్ ఆఫ్ డివోషన్ టు డ్యూటీ’ అన్న ముక్క చూస్తూనే ఉండేవాణ్ణి. ఎస్ఎఫ్-11 అయితే చిన్న శిక్ష, ఎస్ఎఫ్-5 అయితే పెద్ద శిక్ష. ముక్క మాత్రం రెంటిలోనూ అదే. మన గ్యాంగ్‌మన్లలో చదువు అంతగా రానివాళ్ళు ఆ కాగితం ఎవరిచేతనైనా చదివించుకుని తెల్లబోయేవారు. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని అమ్మవారికి దీపం పెట్టందే గడప దాటని మనిషికి భక్తి లేదని సర్కారు సంతకం పెట్టి మరీ చెబుతోందే అని! వాళ్ళకి నేను ఒకటే చెప్పేవాణ్ణి. ‘దీపం సంగతి కాదురా, ఊడిన క్లిప్పు సంగతి.’

మన మాటల్లో ఒక సుళువుంది, చిన్నమ్మీ. దేని గడువు దానిలోనే ఉంటుంది. మొక్కు తీరేదాకానే మొక్కు. కోరిక ఈడేరింది, ఘటం ఎత్తాం, ముడుపు చెల్లించాం, అక్కడితో అమ్మవారికీ మనకీ లెక్క సరి. వ్రతానికి ఒక తిథి ఉంది, చివర్న ఉద్యాపన ఉంది. అయ్యప్ప దీక్షకి మండలం ఉంది. 41 రోజులు నల్లబట్టలు, నేలపడక, ఒంటిపూట భోజనం, ఇరుముడి, శబరిమల. మాల తీసేస్తే మళ్ళీ మామూలు మనిషే. నిష్ఠకీ శ్రద్ధకీ మాత్రం ఏ పంచాంగంలోనూ ఆఖరి రోజు రాసి లేదు.

రైల్వే నిన్ను మొక్కు మొక్కమనలేదు, మాల వేసుకోమనలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ, ప్రతి ట్రిప్పులోనూ, కొంచెం కొంచెంగా శ్రద్ధ పెట్టమంటోంది. మాల వేసుకున్నవాణ్ణి ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తుంది కాబట్టి ఆ 41 రోజులూ గౌరవమే నడిపిస్తుంది. సిగ్నల్ చూసి పైకి చెప్పినందుకు నిన్నెవరూ అలా పిలవరు. చూడకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది. ఉద్యాపన లేని వ్రతం ఇది. అందుకే కష్టం.

ఈ సంగతి బాగా తెలియాలంటే నువ్వు తిరిగే లైన్లోనే ఒక చోటుంది. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్తే బెల్గహనా, టెంగన్‌మాడా, ఖోంగ్‌సరా దాటాక అడవి మొదలై భన్వార్‌టంక్ వస్తుంది. అక్కడ లైను పక్కనే మర్హీ మాత గుడి. ఖోడ్రీ దాకా ఘాట్ సెక్షన్, మధ్యలో సొరంగం. చిన్నప్పుడు మీ అమ్మ ఒళ్ళో కూర్చుని పెండ్రా రోడ్ వెళ్ళేటప్పుడు ఆ గుడి రాగానే పెట్టెలో జనమంతా చేతులు జోడించడం నువ్వు చూసే ఉంటావు. కొందరు కిటికీలోంచి నాణేలు విసిరేవారు. కునికిపాట్లు పడుతున్న ముసలమ్మలు కూడా సరిగ్గా ఆ వేళకి కళ్ళు తెరిచి దండం పెట్టుకునేవారు.

ఇప్పుడు నీ సీటు పెట్టెలో కాదు, ఇంజనులో. గుడి ఎడమ పక్కనుందో కుడి పక్కనుందో నీకు ముఖ్యం కాదు. ముందున్న సిగ్నల్ ఏ రంగో నువ్వు చూడాలి, పైకి చెప్పాలి. లోకో పైలట్ అదే తిరిగి చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తేనే అది చూసినట్టు. ఎవరి మాట తేడాగా ఉన్నా రెండోవారు ఆపి అడగాలి. ఆయన వయసులో పెద్ద, సర్వీసులో పెద్ద అని నోరు మూసుకోకు. ఆ పెట్టెల్లో అమ్మవారికి దండం పెట్టుకుంటున్న వాళ్ళందరూ నిశ్చింతగా చేతులు జోడించగలుగుతున్నారంటే ఇద్దరు మనుషులు చేతులు జోడించకుండా కూర్చున్నారు కాబట్టే. మర్హీ మాతకి నీ దండం కావాలంటే సెలవు రోజున ప్యాసింజర్లో వెళ్ళి కొబ్బరికాయ కొట్టిరా. అమ్మవారు ఏమీ అనుకోదు.

ఈ వరసలోనే ఇంకో రెండు ముక్కలు. కార్తీకంలో మాల వేసుకున్న మనవాళ్ళు చెప్పులు విడిచేస్తారు. యార్డులో, ట్రాక్ మీద అది కుదరదు. సేఫ్టీ షూ వేసుకోను, దీక్షలో ఉన్నానంటే ఆ దీక్షకి సెలవు పెట్టి ఇంట్లో ఉండాలి గానీ డ్యూటీకి రాకూడదు. అలాగే నువ్వు శుక్రవారం ఉపవాసాలు ఉంటున్నావని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. ఖాళీ కడుపుతో సైన్ ఆన్ చేయకు. మే నెలలో ఇక్కడి ఎండకి ఇంజన్ క్యాబ్ ఎలా కాగుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. కళ్ళు తిరిగేది శుక్రవారమని ఆగదు. ఉపవాసం రెస్టు రోజుకి మార్చుకో.

శ్రద్ధ అనేది ఎలా ఉంటుందో నేను చూసింది మీ ఇంజన్లలో కాదు, కింద, కంకర మీద. కీమ్యాన్ సంగతి నీకు క్లాసులో ఒక పేరాలో చెప్పి ఉంటారు. భుజాన సుత్తి, స్పానర్, సంచిలో ఎర్రజెండాలు, పట్టా మీద పెట్టే పటాసులు. వెళ్ళేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. ప్రతి క్లిప్పూ, ప్రతి ఫిష్‌ప్లేట్ బోల్టూ చూసుకుంటూ నడుస్తాడు. నా దగ్గర ఒక కీమ్యాన్ ఉండేవాడు, పార్వతీపురం వైపు మనిషి. సుత్తితో ఒక్క దెబ్బ వేసి, మోత విని, తల ఊపి ముందుకెళ్ళేవాడు. బిగువుగా ఉన్నదానికి ఒక మోత, వదులైనదానికి ఒక మోత. నేను పక్కన నడుస్తూ మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపేవాడు, ఆఫీసర్నని కూడా చూడకుండా. చలికాలం తెల్లవారుజామున పట్టా ముడుచుకుని విరిగే వేళ ఒకలా, ఎండాకాలం మధ్యాహ్నం పట్టా సాగి వంకరపోయే వేళ ఇంకోలా, ఎప్పుడు దేన్ని వెతకాలో అతనికి తెలుసు. అతని నోట భక్తి అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. ‘మనసు పెట్టి చూడాల బాబూ’ అనేవాడు. అదొక్కటే అతని శాస్త్రం.

2022 ఆగస్టు 15న మన జోను సూపర్ వాసుకి అని ఒక గూడ్సు నడిపింది, గుర్తుందిగా? కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ వైపు బొగ్గు. 295 వ్యాగన్లు, 6 ఇంజన్లు, పొడవు మూడున్నర కిలోమీటర్లు. పేపర్లన్నీ ఫోటోలు వేశాయి. నాకు ఆ ఫోటోల్లో కనిపించింది వేరు. 295 వ్యాగన్లంటే మధ్యలో ఎన్ని కప్లింగులు, ఎన్ని బ్రేక్ పైపులు, ఎన్ని చక్రాలు! ఒక్కొక్కదాని దగ్గరా ఎవరో ఒకరు వంగి చూసి ఉండాలి. ఫోటోలో వాళ్ళు ఉండరు. నువ్వు చేరింది ఆ పంక్తిలో.

ఇక ఖాతాలు కలిపేయడం అన్నాను కదా, అది మన తెలుగువాళ్ళకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. కంచర్ల గోపన్న కథ చిన్నప్పటి నుంచి వింటున్నావు. గోల్కొండ తానీషా కొలువులో తహశీల్దారు. వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. తానీషా గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. 12 ఏళ్ళు ఆ చెరలో పాటలు పాడుకున్నాడు. చివరికి రామలక్ష్మణులే వచ్చి సొమ్ము కట్టి విడిపించారని కథ. ఇప్పటికీ శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి.

ఈ కథ విన్నవాళ్ళందరూ భక్తుడి బాధకి కళ్ళు తుడుచుకుంటారు. నేను ఉద్యోగిని కాబట్టి నాకు కథలో ఇంకో ముక్క దగ్గర చెవి నిలబడుతుంది. రాముడంతటివాడు కూడా ఆ బాకీని రద్దు చేయించలేదు. కట్టాడు. నా భక్తుడు నాకోసమే ఖర్చు పెట్టాడు గదా, వదిలేయమని తానీషాకి కలలో చెప్పి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. మొహరీలు తెచ్చి లెక్క అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు. కథ అల్లిన మన పూర్వీకులకి భక్తి ఎంత ఇష్టమో లెక్క కూడా అంత ముఖ్యమని నా నమ్మకం. గోపన్నకి కట్టడానికి రాముడొచ్చాడు. మనలాంటివాళ్ళకి ఎవరూ రారు. కాబట్టి గుళ్ళో చూపించవలసింది గుళ్ళోనే చూపించి, లాబీ రిజిస్టర్లో రాయవలసింది రిజిస్టర్లోనే రాయి.

తర్వాత ‘అంకితభావం’. ఇది కాస్త జాగ్రత్తగా మసలవలసిన మాట. ప్రతి నెలా ఆఖరి రోజున రిటైర్మెంటు సభల్లో వింటావు. ఎవరు రిటైరైనా అంకితభావంతోనే పనిచేసి ఉంటారు, ఇంకో రకంగా పనిచేసినవాణ్ణి ఆ వేదిక మీద నేను ఇంతవరకూ చూడలేదు. మన సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేనే 2003 ఏప్రిల్ 5న జాతికి అంకితం చేశారు. వంతెనలూ అంకితమే, పుస్తకాలూ అంకితమే.

పూర్వం కవులు అంకితం ఇచ్చేటప్పుడు ఎవరికిస్తున్నామో ఆలోచించేవారు. తిక్కన తన నిర్వచనోత్తర రామాయణాన్ని రాజు మనుమసిద్ధికి ఇచ్చాడు, భారతాన్ని మాత్రం హరిహరనాథుడికే దాచుకున్నాడు. కొలువులో ఉన్న మనిషి, రాజుకి మంత్రి, అయినా అన్నీ ఒకే చేతిలో పెట్టలేదు. ఆ తెలివి నీకూ కావాలి. నీ పని రైల్వేకి ఇయ్యి, నిండుగా ఇయ్యి. నీ నిద్రా, నీ ఆరోగ్యమూ ఇయ్యకు. ఎనిమిది గంటలూ ఆ పైనా డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్‌కి వచ్చాక 16 గంటల విశ్రాంతి నీ హక్కు. మనుషులు తక్కువున్నారు, బండి నిలబడిపోయింది, ‘అంకితభావం ఉన్న అమ్మాయివి, రెస్టు సంగతి తర్వాత చూసుకుందాం, రా’ అని ఎవరైనా తియ్యగా పిలిస్తే, అంతకంటే తియ్యగా కుదరదని చెప్పు. నిద్ర చాలని కళ్ళతో ఇంజనెక్కడం త్యాగం కాదు, వెనకున్న పెట్టెల్లో వాళ్ళ ప్రాణాలతో బేరం. ఆ ఇంజను కూడా నీ అంకితభావాన్ని నమ్మదు గమనించావా? నిమిషం పాటు లోకో పైలట్ ఏదీ ముట్టుకోకపోతే దీపం వెలుగుతుంది, దానికీ కదలకపోతే బజర్ మోగుతుంది, దానికీ పలక్కపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. నిన్న ఎంత బాగా నడిపావో దానికి అక్కర్లేదు. ఈ నిమిషం మెలకువగా ఉన్నావా, అంతే.

అంకితానికి అసలైన అర్థం చూడాలంటే మన పక్కనే, జాంజ్‌గీర్ వైపు మహానది ఒడ్డు ఊళ్ళకి వెళ్ళాలి. రామ్‌నామీలను నువ్వు లోకల్ బళ్ళలో చూసి ఉంటావు. ఒంటినిండా రామనామం పచ్చపొడిపించుకున్నవాళ్ళు, రామనామం అచ్చేసిన తెల్లటి దుప్పటి, నెత్తిన నెమలి ఈకల కిరీటం, చేతిలో గజ్జెలు. 1890ల నాడు చార్‌పారా అనే ఊళ్ళో పరశురామ్ అనే ఆయన మొదలుపెట్టాడు. దళితులు. గుళ్ళోకి రానివ్వలేదు. మీరు గుడి తలుపు వేసుకోండి, పేరు మాత్రం మా చర్మం మీద ఉంటుందన్నారు. నుదుటి మీద ఒక్కచోట వేసుకున్నవాళ్ళున్నారు, కనురెప్పలూ నాలుకా కూడా వదలకుండా వేసుకున్నవాళ్ళున్నారు. అంకమంటే గుర్తు గదా, అంకితమైన మనుషులంటే అక్షరాలా వాళ్ళే. నేను వాళ్ళ ముసలాయన ఒకరితో అకల్‌తరా దాకా ఒకే బెంచీ మీద కూర్చుని వెళ్ళాను. నుదుట అక్షరాలు ముడతల్లో కలిసిపోయి చదవడానికి రావడం లేదు. పిల్లలు పొడిపించుకున్నారా అని అడిగాను. ఉద్యోగాలకి వెళ్ళాలి కదా, వద్దంటున్నారు, భజనకి మాత్రం వస్తారన్నాడు. నిష్ఠూరం లేదు. చర్మం మీద ఉంటేనే భక్తి అని ఆయనా అనలేదు. ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించు, ఘటం నెత్తిన ఎత్తితేనే భక్తి అనే ముందు.

నువ్వు బెంగాలీ స్నేహితురాలితో గది పంచుకుంటున్నానన్నావు. ఆ అమ్మాయిని రవీంద్రనాథ్ ఠాగూర్ ‘ఫాంకి’ కవిత గురించి అడుగు. 1918లో వచ్చిన ‘పలాతక’ పుస్తకంలోది. అందులో మన బిలాస్‌పూర్ స్టేషనుంది. జబ్బుతో ఉన్న భార్య బినూతో ఒకాయన రైలు మారడానికి ఇక్కడ దిగుతాడు. స్టేషన్లో ఒక కూలీ పెళ్ళాం రుక్మిణి తన కూతురి పెళ్ళికి 25 రూపాయలు కావాలని బినూ దగ్గర చెప్పుకుంటుంది. బినూ మొగుణ్ణి ఇవ్వమంటుంది. అతను ఆవిణ్ణి చాటుకి పిలిచి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేసి, భార్యతో మాత్రం ఇచ్చేశానంటాడు. రెండు నెలల్లో బినూ పోతుంది, ఆ తృప్తితోనే. తర్వాత అతను బిలాస్‌పూర్‌కి వచ్చి రుక్మిణి కోసం వెతుకుతాడు. ఎవరికీ ఆచూకీ తెలియదు. బాకీ అలాగే మిగిలిపోతుంది.

ఫాంకి అంటే మోసం, టోకరా. మా శాఖలో దీనికి నేను రోజూ భయపడేవాణ్ణి. నడవకుండా నడిచినట్టు డైరీ రాయడం. చూడకుండా చూసినట్టు టిక్కు పెట్టడం. చెప్పవలసిన సిగ్నల్ చూడకుండానే అలవాటు కొద్దీ ‘హరా’ అనేయడం. ఆ క్షణంలో ఏమీ కాదు, బండి వెళ్ళిపోతుంది, పై అధికారి సంతృప్తిగా సంతకం పెడతాడు. ఒక్కటి గుర్తుంచుకో. పని చేయలేకపోతే చేయలేదని రాయి. ఎస్ఎఫ్-11 వస్తే రానీ. దానికి జవాబు రాసుకోవచ్చు, అప్పీలు చేసుకోవచ్చు. చేసినట్టు రాసిన అబద్ధానికి అప్పీలు లేదు.

ఇక అమ్మ మొక్కు. దాన్ని తేలిగ్గా తీసిపారేయకు. మన తాతలు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కూలికొచ్చినప్పుడు వాళ్ళ వెంట పొలం రాలేదు, ఇల్లు రాలేదు. రాయపూర్, విజయనగరం లైను పూర్తయింది 1931లో. అంతకు ముందు వచ్చినవాళ్ళకి ఊరు వెళ్ళి రావడమే పెద్ద ప్రయాణం. అక్కడ పైడితల్లి సిరిమానుకి వెళ్ళలేనివాళ్ళు ఇక్కడే క్వార్టర్ల మధ్య వేపకొమ్మ పాతి, పసుపునీళ్ళు పోసి, అమ్మవారిని నిలబెట్టుకున్నారు. మీ తాత బొగ్గింజను మీద ఫైర్‌మన్. అర్ధరాత్రి కాల్‌బాయ్ పుస్తకం పట్టుకుని తలుపు కొడితే సంతకం పెట్టి వెళ్ళేవాడు, ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. మా అమ్మ చేయగలిగింది గూట్లో దీపం పెట్టడం ఒక్కటే. మీ అమ్మ చేస్తున్నదీ అదే. రిజిస్టర్లో సంతకం పెట్టే అధికారం ఆమెకి లేదు, సిగ్నల్ చూసే సీటు ఆమెకి లేదు. ఆమెకున్న ఒకే ఒక్క డ్యూటీ మొక్కు. దాన్ని ఆమె శ్రద్ధగా చేస్తోంది.

కాబట్టి ఇలా చేద్దాం. పూజల తేదీలు సమితివాళ్ళు చెప్పగానే నీకు పంపిస్తాను. ఆ రోజే నువ్వు సెలవుకి అర్జీ పెట్టు, ఆఖరి వారం దాకా ఆగకు. దొరికితే వచ్చి ఘటం ఎత్తు, అమ్మ కళ్ళ ఎదుట. దొరక్కపోతే నీ బదులు మీ అమ్మే ఎత్తుతుంది. మొక్కుకున్నది ఆవిడే గదా, తీర్చే హక్కూ ఆవిడకుంది. ఈ మాట నేను చెబితే వింటుంది, చెప్పే పూచీ నాది. సెలవు కోసం అనారోగ్యం సాకు మాత్రం పెట్టకు. రన్నింగ్ స్టాఫ్‌కి ఆ కాగితం మీద అబద్ధం అలవాటైతే నిజంగా ఒంట్లో బాగాలేని రోజున ఎవరూ నమ్మరు.

ఇంకో మాట. లోకో పైలట్‌తో సిగ్నల్ విషయంలో తేడా వచ్చిన సంగతి ఎప్పుడైనా జరిగితే, డ్యూటీ దిగగానే ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎవరు ఏమన్నారు అని ఒక చిన్న పుస్తకంలో రాసుకో. ఎవరి మీదా ఫిర్యాదుకి కాదు. ఆరు నెలలకోసారి తిరగేస్తే నీ చూపు ఎక్కడ తడబడుతోందో నీకే తెలుస్తుంది. రెండు వందల పేజీల పుస్తకం ఒకటి ఇక్కడి బుధవారీ బజార్లో కొని ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. మొదటి పేజీలో శ్రీకారం మీ అమ్మ చేత రాయించాను. రెండో పేజీ నుంచి నువ్వు రాయి.

వేళకి తిను, వేళకి పడుకో. వచ్చే ఉత్తరంలో ఘాట్ సెక్షన్లో బ్యాంకర్ ఇంజను వెనక నుంచి తోసేటప్పుడు ముందు క్యాబ్‌లో ఎలా ఉంటుందో వివరంగా రాయి. ఇన్నేళ్ళూ కింద నిలబడి చూసినవాణ్ణి, నాకు తెలియదు.

ఇట్లు,
మీ మావయ్య